ఉబ్బెత్తు నాబ్‌కి గ్లాస్‌మీటర్ (మెరుపు కొలిచే పరికరం) రీడింగ్ అడగడం సబబేనా?

చర్లపల్లి మోల్డర్:
కారు డ్యాష్‌బోర్డు నాబ్, నల్ల ఏబీఎస్ ప్లాస్టిక్. పైభాగం గుమ్మటంలా ఉంటుంది, వంపు వ్యాసార్థం 50 మి.మీ. డ్రాయింగ్‌లో వెలుగు 60 డిగ్రీల కోణంలో పడితే కనీసం 85 జీయూ (గ్లాస్ యూనిట్లు, అంటే మెరుపు కొలమానం) అన్నారు. అదే మెటీరియల్‌తో తీసిన చదును ప్లాక్ (నమూనా పలక) మీద 88 వస్తోంది, నాబ్ మీద 12 దగ్గరే ఆగిపోతోంది. కంటికి రెండూ ఒకేలా నిగనిగలాడుతున్నాయి. కస్టమర్ లాట్ తిప్పి పంపారు. ఏం చెప్పమంటారు?

క్యూసీ డెస్క్:
డ్రాయింగ్‌లో నంబర్ ఉంటే నంబరే. ఈ షిఫ్టులో బాగుందన్నది ఇంకో షిఫ్టులో ఇంకొకరికి బాగుండదు. ముందు క్యాలిబ్రేషన్ టైల్ (మీటర్‌ని సరిచూసే పలక) చూసుకోండి.

కాంతి లెక్క:
టైల్ తప్పేం ఉండదండీ. 100 జీయూ అన్నదే 1.567 వక్రీభవన గుణకం ఉన్న చదునైన నల్ల అద్దం మీద కట్టిన కొలత. చాలా మీటర్లలో 60 డిగ్రీల దగ్గర కొలిచే వెలుగు మచ్చ సుమారు 9×15 మి.మీ. మీ నాబ్ మీద ఆ 15 మి.మీ. పొడవునా ఉపరితలం 17 డిగ్రీలు తిరుగుతుంది, వెలుగు దానికి రెట్టింపు, అంటే 34 డిగ్రీలు చెదురుతుంది. ఆ దిశలో వెలుగుని అందుకునే రిసీవర్ కిటికీ 4.4 డిగ్రీలే. మిగతాదంతా లోపలి గోడకి పోతుంది. అడ్డంగా కిటికీ 11.7 డిగ్రీలు, చెదరడం కూడా అటు సగమే. అందుకే పెన్ను గొట్టాన్ని కాంతి దారి వెంట పొడవుగా పెట్టి కొలుస్తారు. గుమ్మటానికి ఆ చిట్కా పనికిరాదు.

క్యూసీ డెస్క్:
అయితే ప్లాక్ రీడింగ్‌నే ఒప్పుకోండి. చాలామంది చేసేది అదే.

బాలానగర్ డైమేకర్:
ఆ ప్లాక్ వాదన నాకు అస్సలు మింగుడుపడదు. దాని డై (అచ్చు) వేరు, పాలిష్ వేరు. డై చల్లగా ఉంటే ప్లాస్టిక్ గోడకి పూర్తిగా హత్తుకోకముందే గడ్డకడుతుంది, ఎంత పాలిష్ చేసినా పార్టుకి దిగదు. గేటు (ప్లాస్టిక్ డైలోకి దిగే చోటు) దగ్గర ఒక మెరుపు, చివర్లో ఇంకో మెరుపు. ఇవన్నీ ప్లాక్ ఎలా చెబుతుంది?

చర్లపల్లి మోల్డర్:
మరి 2 మి.మీ. మచ్చ ఉన్న మీటర్ కొంటే?

కాంతి లెక్క:
చెదరడం 4.6 డిగ్రీలకి దిగుతుంది, అంటే కిటికీ అంచు దాకా. చాలా నయం. కానీ నాబ్ అర మిల్లీమీటరు పక్కకి జరిగినా వెలుగు డిగ్రీకి పైగా తప్పుకుంటుంది. జిగ్ (నాబ్‌ని కదలకుండా పట్టే అమరిక) లేకుండా కొనడం దండగ. ఎంత చేసినా వచ్చే అంకెని 85తో పోల్చకండి, మీరూ కస్టమరూ సంతకం పెట్టిన మాస్టర్ (ప్రమాణ) నాబ్‌ని అదే జిగ్‌లో కొలిచి, దానిలో ఎంత శాతం అని రాయండి.

క్యూసీ డెస్క్:
మాస్టర్ మీద గీతలు పడితే? నాలుగు నెలలకి ఆ శాతానికి అర్థం ఉండదు.

బాలానగర్ డైమేకర్:
ఒకటి కాదు, అరడజను పక్కన పెట్టించండి, సగం వాళ్ల దగ్గర, సగం మీ దగ్గర. వాటిలో కనీస మెరుపు ముక్క కూడా ఉండాలి, గొడవొచ్చేది దాని దగ్గరే.

చర్లపల్లి మోల్డర్:
సోమవారం కస్టమర్‌తో కాల్ ఉంది, ఇదే పెడతా. జిగ్ త్రీడీ ప్రింట్ చాలా అన్నా?

బాలానగర్ డైమేకర్:
చాలు. లోపల మాట్ నలుపు కొట్టు, బయటి వెలుతురు చొరబడకుండా చూడు. నాబ్ తిరగకుండా గూడులో ఒక గాడి పెట్టు.