చర్చ: కరెంటు లైన్లు, పిల్లల లుకేమియా – క్యాన్సర్ పరిశోధనకూ ఐదు సిగ్మా గీత పెట్టాలా?

ఐదుసిగ్మా:
2000లో ఆల్బోమ్ బృందం తొమ్మిది అధ్యయనాల డేటా కలిపి చూసింది. ఇంట్లో అయస్కాంత క్షేత్రం సగటు 0.4 మైక్రోటెస్లా, అంతకు మించి ఉన్న పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) ముప్పు 2 రెట్లు, 95% అవధి (అసలు విలువ ఉండగల హద్దులు) 1.27–3.13. ప్రధానంగా ఇలాంటి ఫలితాలతోనే ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) 2002లో దీన్ని ‘2బి’, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ జాబితాలో వేసింది. ఫలితం కేవలం యాదృచ్ఛికమైన ఊగిసలాట కాదని ఎంత గట్టిగా చెప్పొచ్చో కొలిచేది సిగ్మా. కణ భౌతికంలో ఐదు సిగ్మా రానిదే ‘కనుక్కున్నాం’ అనరు. 2015 చివర్లో సెర్న్ కణ భౌతిక ప్రయోగశాలలో 750 జీఈవీ శక్తి దగ్గర కొత్త కణంలా కనిపించిన గుట్ట, ఆ ఒక్క చోటే లెక్కిస్తే మూడున్నర సిగ్మా దాటింది. 2016 ఆగస్టుకి కొత్త డేటాలో మాయమైంది. మరి క్యాన్సర్ లెక్కలకి రెండు సిగ్మా (95% అవధి అంటే దాదాపు అదే) చాలంటే ఎలా?

కాయిల్‌చుట్ట:
ముందు లెక్క చూడండి, అది రెండు సిగ్మా కాదు. 2కి సహజ లాగరిథమ్ 0.693. 3.13, 1.27ల లాగ్‌ల తేడా 0.902. 95% అవధి వెడల్పు 3.92 ప్రామాణిక దోషాలు కాబట్టి, దాన్ని 3.92తో భాగిస్తే ప్రామాణిక దోషం 0.23. అంటే ఫలితం సరిగ్గా మూడు సిగ్మా. ఐదుకి చేరాలంటే ఇలాంటి డేటాయే ఇంకా కావాలి, మొత్తం 2.8 రెట్లు.

అయినా ఏం ఒరుగుతుంది? 0.4 దాటిన గుంపులో ఉన్నది 44 మంది రోగులు, 62 మంది కంట్రోళ్లు (పోలిక కోసం తీసుకున్న, జబ్బు లేని పిల్లలు). లైన్ల దగ్గరి పేద ఇళ్లవాళ్లు కంట్రోళ్లుగా రావడానికి ఒప్పుకోక ఓ ఇరవై మంది తగ్గారనుకోండి. వాళ్లూ చేరి ఉంటే ముడి (సర్దుబాట్లు చేయని) నిష్పత్తి 2.3 నుంచి 1.7కి దిగేది. ఈ పక్షపాతం డేటా పెంచితే పోదు. పైగా అవధి సన్నబడి, తప్పుడు అంకె మీదే నమ్మకం పెరుగుతుంది.

2011లో ఒపేరా ప్రయోగం న్యూట్రినోలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొచ్చాయంది. అది ఆరు సిగ్మా! చివరికి తేలిందేమిటి? జీపీఎస్ సంకేతం తెచ్చే ఆప్టికల్ కేబుల్ కనెక్టర్ పూర్తిగా బిగించలేదు.

న్యూట్రల్‌లైన్:
కొలత సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఫోన్ యాప్‌లో 45 మైక్రోటెస్లా చూసి బెదిరిపోయేవాళ్ల కోసం: అది భూమి క్షేత్రం. ఫోన్ సెన్సర్ సెకనుకి 50 సార్లే చదివితే 50 హెర్ట్జ్ క్షేత్రం దాదాపు స్థిరమైనదిలా కనబడి అందులో కలిసిపోతుంది.

కావలసింది మూడు అక్షాల కాయిల్ మీటరు. ఒకే అక్షం ఉంటే మూడు దిక్కులా తిప్పి చదివి, వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి. 1000 చుట్లు, 10 చదరపు సెంటీమీటర్ల కాయిల్‌లో 0.4 మైక్రోటెస్లాకి పుట్టేది సుమారు 126 మైక్రోవోల్టులే. కాయిల్ వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది కాబట్టి, ఇంటిగ్రేటర్ (ఆ పెరుగుదలను సరిచేసే సర్క్యూట్) లేని మీటరు 150 హెర్ట్జ్ హార్మోనిక్‌ని (50 హెర్ట్జ్‌కి మూడింతల ఫ్రీక్వెన్సీ భాగాన్ని) మూడింతలు చేసి చూపిస్తుంది. 40 హెర్ట్జ్ కింద కోత లేకపోతే చెయ్యి ఊగినా అంకె లేస్తుంది. నిలకడగా పెట్టి 24 గంటలు, కుదిరితే 48 గంటలు రికార్డు చేయాలి. ఒక్క క్షణం చదివిన అంకెకి విలువ లేదు.

ఇంకోటి. ఫేజు, న్యూట్రల్ పక్కపక్కన పోతే క్షేత్రాలు దాదాపు రద్దవుతాయి. న్యూట్రల్ కరెంటు ఎర్తింగ్ పైపుల గుండా వేరే దారి పడితే మిగులు కరెంటు వస్తుంది. ఒంటి తీగకు సూత్రం: ఆంపియర్లు × 0.2 ÷ మీటర్లు. 2 ఆంపియర్లు చాలు, మీటరు దూరంలో 0.4 వచ్చేసింది. బ్రిటన్ సర్వేల్లో క్షేత్రం ఎక్కువున్న ఇళ్లలో అధిక భాగానికి కారణం హైటెన్షన్ లైను కాదు, ఈ తక్కువ వోల్టేజీ సరఫరాయే.

ఐదుసిగ్మా:
కనెక్టర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ భౌతికం వైపు నుంచీ చూడండి. 50 హెర్ట్జ్ ఫోటాన్ శక్తి 2 × 10⁻¹³ ఎలక్ట్రాన్ వోల్టులు. రసాయన బంధం తెంపడానికి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. యంత్రాంగమే లేనప్పుడు గీత ఎత్తుగా పెట్టడం న్యాయం కాదా?

కాయిల్‌చుట్ట:
ఆ వాదన డీఎన్ఏని నేరుగా తెంపడం వరకే. ర్యాడికల్ జంటల (జత లేని ఎలక్ట్రాన్లున్న అణువుల జంటల) మీద అయస్కాంత ప్రభావం వేరే దారి, దానికి ఫోటాన్ శక్తి అడ్డు రాదు. ఇంత బలహీన క్షేత్రంలో అది పనిచేస్తుందని మాత్రం ఎవరూ చూపలేదు. నన్నడిగితే ఈ కేసుని తేల్చేది సిగ్మా కాదు, వేరే కోణాల నుంచి పెట్టే పరీక్షలు. బ్రిటన్‌లో డ్రేపర్ బృందం 2005లో హైటెన్షన్ లైన్లకు 200 మీటర్ల లోపు లుకేమియా ముప్పు 1.69 రెట్లు చూపింది, బాగానే ఉంది. 200–600 మీటర్ల మధ్య కూడా 1.23 వచ్చింది. అంత దూరంలో లైను క్షేత్రం ఇంటి సొంత క్షేత్రంలో కలిసిపోతుంది! 2014లో బంచ్ బృందం అదే డేటాని పొడిగించి దశాబ్దాల వారీగా విడదీస్తే, ముప్పు తొలి దశాబ్దాల్లో ఎక్కువగా కనబడి ఆ తర్వాత తగ్గుతూ పోయింది. కరెంటు వాడకం పెరుగుతూ ఉంటే జబ్బు బంధం తగ్గడమేమిటి? దోషం క్షేత్రానిది కాకపోవచ్చు, ఆ చుట్టుపక్కల నివసించేవాళ్లు మారి ఉండొచ్చు.

న్యూట్రల్‌లైన్:
అయినా ‘కనుక్కున్నాం’ అనడానికీ ‘జాగ్రత్తపడదాం’ అనడానికీ ఒకే గీత ఎందుకు? హిగ్స్ కణం విషయంలో ఏడాది ఆగితే ఎవరికీ నష్టం లేదు. మిగులు కరెంటు ఉన్న వైరింగ్ సరిచేయడం ఎలాగూ చేయాల్సిన భద్రతా పని, దానికి మూడు సిగ్మా కూడా అక్కర్లేదు. వేల కోట్లు పోసి లైన్లు పీకాలంటే అప్పుడు ఐదు అడగండి. ఒకటి గుర్తుంచుకోండి: ఐసీఎన్ఐఆర్‌పీ (అయనీకరణం చేయని వికిరణ రక్షణపై అంతర్జాతీయ కమిషన్) 2010లో ప్రజలకిచ్చిన 200 మైక్రోటెస్లా హద్దు నరాలపై తక్షణ ప్రభావాన్ని బట్టి పెట్టింది. ‘హద్దులో 500వ వంతే ఉంది కాబట్టి క్యాన్సర్ భయం లేదు’ అని దాన్ని చూపించడం కూడా తప్పే.

ఐదుసిగ్మా:
లైన్లు పీకడానికి ఐదు, వైరింగుకి సున్నా. ఈ బేరానికి ఒప్పుకుంటా. వార్తాశీర్షికకి ఎంతో చెప్పండి?