ఇచ్చిన చీరను నలుగురిలో గుర్తు చేయవచ్చునా?

మహేంద్రగిరి: నిన్నటి సీరియల్ భాగంలో బంగ్లా యజమానురాలు తాను కట్టి విడిచిన బరంపురం పట్టుచీరను పనిమనిషి కూతురికి ఇచ్చింది. ఆ అమ్మాయి దానిని కట్టుకొని పెళ్ళికి వస్తే, "ఇది నా చీరే కదూ" అని బంధువుల ముందు అడిగింది. ఆమెది తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోపాలపూర్ తీరం: తప్పేమీ లేదు. ఇచ్చినది నిజం, అన్నది నిజం. అంత ఖరీదైన చీరను ఊరకే ఇచ్చిన చేతిని వదిలి, నోటి మాట ఒక్కటి పట్టుకోవడం న్యాయం కాదు.

పట్టువీధి: అసలు అది బరంపురం పట్టే కాదు. బరంపురంలో మేము నేసే చీర అంచున గుడి గోపురం వంటి కుంభాలు వరుసగా ఉంటాయి. తెరపై కనిపించినది సాదా జరీ అంచు.

గోపాలపూర్ తీరం: అంచుతో మనకేమి పని? మా ఇంట్లో పదేళ్ళు పనిచేసిన ఆమెకు ప్రతి దసరాకూ చీర పెట్టాము. ఒకనాడు చెప్పాపెట్టకుండా మానేసింది. విశ్వాసమంటే ఇదేనా?

రాయగడ: పాపం ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

పర్లాకిమిడి: మీరు చీరల లెక్క చెప్పారు, జీతం లెక్క చెప్పలేదు. మా అమ్మ ఒక ఇంట్లో గిన్నెలు తోమేది. సొట్టపడిన ఆమె గ్లాసు పెరటి కిటికీలో విడిగా ఉండేది. పండుగ నెలలో జీతం అడిగితే పాత చీర చేతిలో పెట్టి, దాని ఖరీదు చెప్పేవారు. ఇంటిపనివారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం నేటికీ ధ్రువీకరించలేదు. చట్టం పూచీ పడని చోట పాత చీరే జీతమై కూర్చుంటుంది. మీ ఇంటి ఆమెకు చివరి నెల జీతం ఇచ్చారా?

గోపాలపూర్ తీరం: చెప్పకుండా పోయినవారికి ఎందుకివ్వాలి? అప్పటికే పది చీరలు పెట్టాము!

పట్టువీధి: అంటే ఆ పదీ జీతంలోకే లెక్కవేశారు. నేను అంచు గురించి పట్టుబట్టినది ఊరకే కాదు. రెండేళ్ళకొకసారి మా బరంపురంలో జరిగే జాతర, ఠాకురాణి యాత్రలో అమ్మవారు నేతవారి ఆడపడుచుగా మా వీధికే పుట్టింటికి వస్తుంది, షావుకార్లు కూడా మాతో పాటు వరుసలో నిలబడతారు. అటువంటి వీధిలో రోజుల తరబడి మగ్గం గుంటలో కూర్చొని నేసిన మేమే, అమ్మిన తరువాత ఆ చీర మాదని ఎవరి పెళ్ళిలోనూ అనలేదు. ఒకసారి కట్టి విడిచిన ఆమెకు ఆ హక్కు ఎక్కడిది?