పాపకు నాలుగో నెల, నాలాంటి తల్లి ఒక్కరితోనైనా మాట్లాడాలని ఉంది (కందుకూరు వైపు)

చిన్నమ్మి:
అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు, మాది కందుకూరు దగ్గర పల్లె. కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో నాకు హెచ్‌ఐవీ అని తెలిసింది, వెంటనే మందులు మొదలుపెట్టారు. తర్వాత మా ఆయనకు చేస్తే ఆయనకూ ఉంది. ఇద్దరం రోజుకో మాత్ర వేసుకుంటున్నాం. పాపకు పుట్టినప్పటి నుంచి ఆరు వారాలు సిరప్ పోశాం, ఆరో వారంలో మడమ మీద సూదితో గుచ్చి కార్డు మీద రక్తం చుక్కలు పట్టారు, అందులో లేదనే వచ్చింది. ఆరో నెలలో మళ్లీ చేస్తారట.

మందుల సంగతి కౌన్సిలర్ మేడం బాగానే చెబుతారు, నా బాధ అది కాదు. ఇంట్లో మా అత్తకు తెలియదు, మా అమ్మకు కూడా చెప్పలేదు. డబ్బా కదిపితే మాత్రలు గలగలమంటాయని లోపల దూది కుక్కి, లేబుల్ పీకేసి, పాప పాత గుడ్డల అడుగున పెట్టుకుంటాను. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా, రాత్రిళ్లు ఇంట్లో ఉండడు. పాప రెండుసార్లు దగ్గితే చాలు, నా వల్లే ఏమన్నా అయిందేమోనని తెల్లారేదాకా కూర్చునే ఉంటాను. దానికి తోడు పాలు చాలడం లేదు గేదెపాలు పట్టమని అత్త రోజూ గొడవ, తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని ఆసుపత్రిలో చెప్పారు, ఆమెకేమో కారణం చెప్పలేను.

ఇలా బిడ్డను కని పెంచిన తల్లి ఎవరితోనైనా ఒక్కసారి మాట్లాడితే బాగుండనిపిస్తుంది. కానీ భయం కూడా ఉంది. ఒకసారి ఆసుపత్రి తరఫున ఒకామె ఫైలు పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చేసింది, ఎవరామె, ఎందుకొచ్చిందని వీధిలో రెండు రోజులు అడిగారు. ఎవరికీ తెలియకుండా అలాంటి తోడు దొరుకుతుందా?

కావలి అక్క:
చెల్లీ, నీ పోస్టు చదివి కళ్లు తుడుచుకుని రాస్తున్నా. నా కొడుకు ఇప్పుడు మూడో తరగతి, 18వ నెలలో చేసిన ఆఖరి పరీక్షలో కూడా లేదనే వచ్చింది. ఆ పద్దెనిమిది నెలలూ నేను కూడా నీలాగే వాడు దగ్గినా తుమ్మినా లేచి కూర్చునేదాన్ని. ఆ భయం తగ్గించింది డాక్టర్ కాదు, మందులిచ్చే కిటికీ దగ్గర బెంచీ మీద పరిచయమైన ఒకక్క. ఆమె డబ్బా తీసుకుని క్యారియర్ సంచిలో అన్నం గిన్నె కింద పెట్టుకుంటుంటే చూసి, నేనూ అట్లే చేస్తానే అనుకున్నా. ఆమే పలకరించింది, మీ వాడికి ఎన్నో నెల అని. అంతే.

తర్వాత ఇంకొకామె కలిసింది, ముగ్గురం అయ్యాం. ముగ్గురివీ వేర్వేరు ఊళ్లు, అదే మాకు మంచిదైంది. మందుల రోజు ముగ్గురం ఒకేసారి పడేట్టు చూసుకున్నాం. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకోగానే ఒకరికొకరం మిస్డ్ కాల్ ఇచ్చుకుంటాం, మాట్లాడే పని లేదు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మిస్డ్ కాల్ రాకపోతే పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కుంటాం. ఒకసారి నేను పుట్టింటికి పోతూ డబ్బా మర్చిపోయి, ఆ రాత్రి మిస్డ్ కాల్ ఇవ్వలేదు. తెల్లారి అక్క తిట్టి, ఇంటికి తిరిగిపోయి తెచ్చుకునేదాకా ఊరుకోలేదు.

నెల్లూరు రొట్టెల పండగలో చూడు, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. నాకు ఆ అక్క అట్లా దొరికింది.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఈసారి మందులకు పోయినప్పుడు, బిడ్డకు లేదని తేలిన తల్లి ఎవరైనా నాతో మాట్లాడతారా అని కౌన్సిలర్‌ని సూటిగా అడుగు. ముందు ఆ తల్లిని అడిగి, సరేనంటేనే కలుపుతారు. మీ మండలం వాళ్లు వద్దని కూడా చెప్పు.

దర్శి పిల్ల:
అక్క చెప్పింది నిజమే, కానీ ఒక మాట. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆలోచించకుండా చేరొద్దు. నన్ను ఒక గ్రూపులో చేర్చారు, అందులో మా ఆడబిడ్డ ఊరి నంబరు ఒకటి కనపడింది, నా డీపీలో పాప ఫోటో ఉంది, వెంటనే బయటికొచ్చేశాను కానీ నెల రోజులు నిద్ర లేదు. గ్రూపు పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టారు, నంబర్లు అందరికీ కనపడతాయని ఎవరూ ఆలోచించలేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే మేలు.

విశ్రాంత కౌన్సిలర్, ఒంగోలు:
అమ్మా, ముందు గేదెపాల సంగతి. మీరు పట్టుదలగా ఉండటం నూటికి నూరు పాళ్లు సరైనదే. ఆరు నెలల లోపు తల్లిపాలతో పాటు వేరే పాలు, నీళ్లు, ఉగ్గు కలిపితే బిడ్డ లేత పేగు దెబ్బతిని వైరస్‌కు దారి దొరుకుతుంది. అత్తగారితో అబద్ధం ఆడక్కర్లేదు. ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా పట్టొద్దని ఆశా వర్కర్లు ప్రతి బాలింతకూ చెబుతారు, మీ ఊరి ఆశా చేతనే అత్తగారికి ఆ ముక్క చెప్పించండి. ఆరో నెల తర్వాత ఏం పెట్టాలో, పాలు ఎప్పుడు మాన్పించాలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్ డాక్టర్‌ని అడగండి.

మందులు లేని రోజుల్లో వందమంది తల్లుల్లో 15 నుంచి 45 మంది బిడ్డలకు వచ్చేది. తల్లి మందులు వాడి, బిడ్డకు సిరప్ పోస్తే అది 5 లోపుకు పడిపోతుంది. మీరు గర్భంలోనే మొదలుపెట్టారు, మానలేదు. మీ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఎంత వచ్చిందో అడిగి రాసిపెట్టుకోండి, అది తక్కువగా ఉందని చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

తోడు గురించి: ఏఆర్‌టీ సెంటర్ల నుంచి కేర్ అండ్ సపోర్ట్ సెంటర్లకు పంపుతారు, అక్కడ హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లే పీర్ కౌన్సిలర్లుగా ఉంటారు. మా ఇంటికి రావొద్దు, ఈ వేళలోనే ఫోన్ చేయండి అని మీ కార్డులో రాయించుకోండి. ఫైలు పట్టుకుని వీధిలోకి రావడం తప్పు, చెప్పాల్సిందే. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదు. రాత్రిపూట ఫోన్ మీ చేతిలో ఉంటే 1097కి ఉచితంగా చేసి మాట్లాడొచ్చు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లో 2001లో మదర్స్ టు మదర్స్ అనే సంస్థ మొదలైంది. హెచ్‌ఐవీ ఉన్న తల్లులకే శిక్షణ, జీతం ఇచ్చి, ఆసుపత్రుల్లో గర్భిణులకు తోడుగా పెట్టారు, వాళ్లను మెంటర్ మదర్స్ అంటారు. నేను ఎన్నేళ్లు చెప్పినా వినని పిల్ల, అదే మాట ఇంకో తల్లి చంకలో బిడ్డతో వచ్చి చెబితే వినడం నేనే చూశాను.

చిన్నమ్మి:
అక్కా, మేడం గారూ, దర్శి చెల్లీ, అందరికీ దండాలు. నిన్న ఆశా అక్కతో చెప్పించాను, అత్త గొణుక్కుంది కానీ ఇవాళ గేదెపాల మాట ఎత్తలేదు. మందులకు వచ్చే వారం పోవాలి. అడగాలంటే నోరు పెగులుతుందో లేదో అని భయంగా ఉంది అక్కా.

కావలి అక్క:
నోరు పెగలకపోతే ఒక చీటీ మీద రాసుకుపోయి ఇవ్వు. నేనూ మొదట అట్లే ఇచ్చా. పేరు, ఊరు రాయకు, 'నాలాంటి అమ్మతో మాట్లాడాలి, పాపకు నాలుగో నెల' అని రాస్తే చాలు. వెళ్లొచ్చాక ఏమన్నారో ఇక్కడ చెప్పు చెల్లీ, చూస్తుంటా.