పాప వ్యాసానికి ‘కన్యాశుల్కం’ సరిపోతుందా? సలహా కావాలి

నమస్కారమండీ. మేం టెక్సాస్‌లో ఉంటాం. అమ్మాయి పదో తరగతి, ఈ ఏడాది ఇంగ్లీషు క్లాసులో ప్రపంచ సాహిత్యం. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలని మరో భాష రచనతో పోల్చి ఐదు పేజీలు రాయాలి. ఇంటి భాషలోదైనా పరవాలేదన్నారట. వెల్చేరు నారాయణరావుగారి అనువాదంలో ‘కన్యాశుల్కం’ ఎంచుకుంది.

చిక్కేమిటంటే, మొదటి చిత్తుప్రతి నిండా కథే. అచెబె నవల ఏడో అధ్యాయంలో, తన ఇంట్లో పెరుగుతూ తనను తండ్రిగా భావించే కుర్రాడు ఇకెమెఫునాను కథానాయకుడు ఒకొంక్వో పిరికివాడంటారేమోనన్న భయంతో నరికేస్తాడు. ఆ పేజీకి మా పాప మూడు పసుపు చీటీలు అంటించింది, చదువుతూ ఏడ్చింది కూడా. వ్యాసంలో మాత్రం దానికి రెండే వాక్యాలు! పక్కన టీచరుగారు ఎర్ర సిరాతో ‘అయితే ఏమిటి?’ అని రాశారు.

‘కన్యాశుల్కం’లో భార్య వెంకమ్మ ఎంత మొత్తుకున్నా వినకుండా కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టబోయే అగ్నిహోత్రావధాన్లునీ, ఒకొంక్వోనీ పక్కపక్కన పెట్టి, తండ్రుల మొండితనం మీద రాయమన్నాను. ఒకటి విషాదం, ఇంకొకటి నవ్విస్తూ పొడిచే నాటకం. ఈ తేడా వాదాన్ని దెబ్బతీస్తుందా, లేక అదే అసలు వాదం కావాలా?

ఇంకొకటి. అచెబె ఇంగ్లీషులో తన మాతృభాష ఇగ్బో మాటలు అలాగే ఉంచారు. గిరీశం తెలుగులో ఇంగ్లీషు దంచుతాడు, అనువాదం అంతా ఇంగ్లీషే కాబట్టి ఆ తేడా అంతగా తెలియదేమో. పాపకి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. నేను మూలం చదివి వినిపిస్తే దాని గురించి రాయొచ్చా? ఇక్కడ ఇంగ్లీషు చెప్పేవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే శుక్రవారం ఇవ్వాలి.