చెన్నై ముసలి జట్టు ఇక ముసలిది కాదా?

అరండల్‌పేట ఆరెంజ్ (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను మొదటి నుంచీ సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమానిని. చెన్నై సూపర్ కింగ్స్ మీద నాకున్న కోపం ఈనాటిది కాదు. 2018 మే 27వ తేదీ రాత్రి అరండల్‌పేటలో టీ కొట్టు ముందు బల్ల మీద పెట్టిన చిన్న టీవీలో ఐపీఎల్ ఫైనల్ చూస్తూ, షేన్ వాట్సన్ మొదటి పది బంతులకు ఒక్క పరుగు కూడా తీయలేకపోతే మేమంతా పగలబడి నవ్వాం. "ముప్పై ఆరేళ్ల మనిషిని ఓపెనర్‌గా దింపితే ఇంతే మరి" అన్న మాట నాదే. ఆ తర్వాత సందీప్ శర్మ వేసిన ఒక్క ఓవర్లో 27 పరుగులు వచ్చాయి. వాట్సన్ 57 బంతుల్లో 117 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. ఆఖరి ఫోర్ కొట్టినవాడేమో గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు! నా పక్కనే కూర్చుని అంతసేపూ హైదరాబాద్‌కు చప్పట్లు కొట్టినవాళ్లలో సగం మంది "మనోడే కదా" అంటూ లేచి గంతులేశారు. ఆ ఏడాది వాళ్లు మనల్ని నాలుగుసార్లు ఓడించారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ముసలి జట్టు 2025లో పద్నాలుగు మ్యాచ్‌లలో నాలుగే గెలిచి, తన చరిత్రలో మొదటిసారి పట్టికలో అట్టడుగున, పదో స్థానంలో నిలిచింది. ఏప్రిల్ 25న వాళ్ల సొంత మైదానం చెపాక్‌లో వాళ్లను మనం ఓడించాం, ఆ మైదానంలో వాళ్ల మీద మనకు అదే తొలి గెలుపు. దాంతో చెన్నై కథ ముగిసినట్లేనని నేను అనుకున్నాను. అయితే నవంబరులో వాళ్లు రవీంద్ర జడేజాను, సామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజు శాంసన్‌ను తెచ్చుకున్నారు. అశ్విన్ అప్పటికే ఐపీఎల్ నుంచి తప్పుకున్నాడు. డిసెంబరు వేలంలో ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మ అనే ఇద్దరు కుర్రాళ్లకు తలా 14.20 కోట్లు పోశారు.

ఇది నిజంగా కొత్త యాజమాన్యపు ఆలోచనేనా, లేక పాత ఇంటికి కొత్త సున్నం కొట్టడమేనా? అసలు ఆ జట్టును ముంచింది ఆటగాళ్ల వయసేనా? ఆట లోతుపాతులు తెలిసినవాళ్లు చెప్పగలరని అడుగుతున్నాను.

పటమట లెగ్‌స్పిన్ (విజయవాడ):

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయండీ, వాటిని విడదీసి చూడాలి. నేను ఇరవై ఏళ్లుగా ఆదివారం మ్యాచ్‌లు ఆడుతూ, పిల్లలకు కొంత ఆట నేర్పుతూ ఉన్నవాణ్ణి కాబట్టి వయసు ఎక్కడ బయటపడుతుందో కాస్త చెప్పగలను. బయటివాళ్లు బ్యాటు వైపు చూస్తారు గాని వయసు ముందుగా కనిపించేది బ్యాటులో కాదు, రెండో పరుగులో. ఇరవై ఏళ్ల కుర్రాడు మొదటి పరుగు పూర్తిచేసే లోపే రెండోదానికి తిరిగి ఉంటాడు. నలభై దాటిన నాబోటివాడు క్రీజులో బ్యాటు ఆనించి, తల ఎత్తి, ఫీల్డర్ చేతిలో బంతి పడిందో లేదో చూసుకుని, ఆ తర్వాత "నో" అంటాడు. ఆ తల ఎత్తిన క్షణంలో పోయే పరుగు స్కోరు పుస్తకంలో ఎక్కడా ఉండదు. అలాంటివి ఇన్నింగ్స్‌లో ఎనిమిది పోయాయనుకోండి, ఫీల్డింగ్‌లో మరో ఎనిమిది ఇచ్చారనుకోండి, మ్యాచ్ అక్కడే చేజారుతుంది.

మరి 2018లో ఇమ్రాన్ తాహిర్‌కు ముప్పై తొమ్మిదేళ్లు, హర్భజన్‌కు ముప్పై ఏడు, వాట్సన్‌కూ ధోనీకీ ముప్పై ఆరు ఉన్నా కప్పు ఎలా గెలిచారు? చెపాక్‌లో బంతి ఆగి వస్తుంది కాబట్టి అనుభవజ్ఞులకు కలిసొచ్చిందని చాలామంది అంటారు. ఆ వాదన నిలవదు. కావేరీ జలాల ఆందోళన కారణంగా ఆ ఏడాది చెన్నైలో ఒక్క మ్యాచ్ మాత్రమే జరిగింది, మిగిలిన సొంత మ్యాచ్‌లన్నీ పుణెకు తరలిపోయాయి. వాళ్లను గెలిపించింది ప్రతి ఆటగాడికీ తన పని ఏమిటో తెలియడం. 602 పరుగులు చేసిన మీ రాయుడు ఓపెనింగ్ నుంచి మిడిల్ ఆర్డర్ వరకు ఎక్కడ పంపినా అక్కడ ఒదిగిపోయాడు.

ఇంకో ఉదాహరణ చూడండి. 2023 సీజన్‌కు వాళ్లు అజింక్య రహానేను కనీస ధర 50 లక్షలకు తీసుకున్నారు. టెస్టు ఆటగాడని అందరూ పక్కనపెట్టిన ఆ ముప్పై నాలుగేళ్ల మనిషి ఆ సీజన్‌లో 170కి పైగా స్ట్రైక్ రేట్‌తో ఆడాడు. వయసు మారలేదు, ఆడే పద్ధతి మారింది. 2025లో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ణి మార్చుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ప్రతి జట్టుకూ అదనంగా ఒక బ్యాటర్ దొరికాడు. మన హైదరాబాదే 287, 286 పరుగుల స్కోర్లు చేసి చూపించింది. అలాంటి రోజుల్లో చెన్నై మాత్రం మొదటి ఆరు ఓవర్ల పవర్‌ప్లేలో వికెట్లు దాచుకుని, ఆఖరి అయిదు ఓవర్లలో చూసుకుందామనే పాత లెక్కతోనే ఆడింది. ఏప్రిల్ 11న సొంత మైదానంలో కోల్‌కతా మీద 20 ఓవర్లూ ఆడి 9 వికెట్లకు 103 పరుగులు చేసింది. కోల్‌కతా ఆ పరుగులను 10.1 ఓవర్లలో కొట్టేసింది. వరుసగా అయిదో ఓటమి అది. ఆ రోజు జట్టులో కుర్రాళ్లు లేకపోలేదు. ముసలిదైంది ఆటగాళ్లకన్నా ముందు ఆ లెక్క.

బ్రాడీపేట పసుపు (గుంటూరు):

ఆరెంజ్ తమ్ముడూ, నువ్వు 2018ని ఇంకా మరిచిపోలేదంటే మా జట్టు ఎంత గట్టిగా కొట్టిందో నీ మాటల్లోనే తెలుస్తోంది. చెన్నై అభిమానిగా నేను ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను, కాదనవలసినవి కాదంటాను.

2020లో మేము ఏడో స్థానంలో నిలిచినప్పుడు కూడా "ముసలివాళ్లు, ఇక అయిపోయింది" అన్నారు. దాదాపు అదే జట్టుతో 2021లో దుబాయిలో కప్పు ఎత్తాం. 2022లో తొమ్మిదో స్థానానికి పడిపోయి, 2023లో మళ్లీ గెలిచాం. చింత చచ్చినా పులుపు చావలేదు అన్న సామెతను మా జట్టు రెండుసార్లు నిజం చేసింది కాబట్టే, మూడోసారీ అలాగే లేస్తుందని యాజమాన్యం నమ్మింది. ఆ నమ్మకం 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో మా కొంప ముంచింది. ముప్పై ఎనిమిదేళ్ల అశ్విన్‌కు 9.75 కోట్లు పెట్టారు. చెన్నై సొంత మనిషి తిరిగి వచ్చాడని ఆ రోజు నేనూ సంబరపడ్డాను, ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

పటమట గారు చెప్పినదాంట్లో ఒక్క చోట నాకు అభ్యంతరం ఉంది. లెక్క ముసలిదైందని తేల్చేశారు గాని, సీజన్ రెండో సగంలో ఆ లెక్క మారింది కూడా. పదిహేడేళ్ల ఆయుష్ మాత్రే బెంగళూరు మీద 48 బంతుల్లో 94 కొట్టాడు. డెవాల్డ్ బ్రెవిస్, ఉర్విల్ పటేల్ వచ్చాక జట్టు నడకే వేరు. ఆఖరి మ్యాచ్‌లో గుజరాత్ మీద 230 చేసి 83 పరుగుల తేడాతో గెలిచాం.

ఇక నా అసలు బాధ వేరే ఉంది. అది రాజకీయం కాదు, లెక్కా కాదు, ఊరి అభిమానం. షేక్ రషీద్ మా గుంటూరు కుర్రాడు. 2022 అండర్-19 ప్రపంచ కప్‌లో వైస్ కెప్టెన్‌గా సెమీఫైనల్లో 94, ఫైనల్లో 50 చేసినవాడు. 2023 నుంచి మా జట్టులో డగౌట్‌లో కూర్చుని ఎదురుచూసి, 2025 ఏప్రిల్ 14న లక్నోలో మొదటి మ్యాచ్ ఆడాడు. 19 బంతుల్లో 27 పరుగులు, అందులో ఆరు ఫోర్లు. మా ఇంట్లో క్రికెట్ అంటే విసుక్కునే మా అమ్మ కూడా ఆ రోజు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడి చూసింది. నవంబరులో అతన్ని విడిచిపెట్టారు. కుర్రాళ్ల జట్టు కడతామంటూనే చేతిలో ఉన్న ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాణ్ణి వదిలి, ఇంకో ఇద్దరికి 28.40 కోట్లు పోయడం ఏ లెక్కో నాకు అర్థం కాలేదు.

బందరు రోడ్డు (విజయవాడ):

పసుపు గారూ, మీరు చెప్పిన మాత్రే, బ్రెవిస్, ఉర్విల్ ముగ్గురూ సీజన్ మధ్యలో గాయపడినవాళ్ల స్థానంలో వచ్చినవారే. కెప్టెన్ రుతురాజ్ గైక్వాడ్ మోచేతికి దెబ్బ తగలకపోతే మాత్రేకు పిలుపే వచ్చేది కాదు. అందువల్ల దాన్ని యాజమాన్యం దూరదృష్టి అనడం కన్నా, వర్షం పడి చెరువు నిండడం అనడమే న్యాయం.

యాజమాన్యం కొత్తదేనా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా ఉంటుంది. 2009 నుంచీ స్టీఫెన్ ఫ్లెమింగే కోచ్. 2022లో జడేజాకు కెప్టెన్సీ ఇచ్చి ఎనిమిది మ్యాచ్‌లకే తిరిగి ధోనీకి అప్పగించారు. 2024లో రుతురాజ్‌కు ఇచ్చారు. 2025లో అతను గాయంతో తప్పుకోగానే, వేరెవరినీ ప్రయత్నించకుండా నలభై మూడేళ్ల ధోనీనే మళ్లీ టాస్‌కు పంపారు. తాళాల గుత్తి కోడలి బొడ్డున దోపి, భోషాణం మీద మాత్రం అత్తగారే కూర్చున్న ఇల్లు అది. కోడలు సమర్థురాలా కాదా అని తేలేది ఎప్పుడు?

అరండల్‌పేట ఆరెంజ్ (గుంటూరు):

బందరు రోడ్డు గారి పోలిక చదివి నవ్వుకున్నాను గాని, వెంటనే మన ఇల్లు గుర్తుకొచ్చింది. మన జట్టులో అత్తగారు అంటూ ఎవరూ మిగలరు కదండీ! 2016లో కప్పు గెలిపించిన డేవిడ్ వార్నర్‌ను 2021లో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తీసేసి, ఆ తర్వాత జట్టులోంచే పక్కనపెట్టారు. రషీద్ ఖాన్‌ను వదులుకుంటే అతను 2022లో గుజరాత్‌తో కప్పు గెలిచాడు. వాళ్లు ఎవరినీ వదలక చెడ్డారు, మనం ఎవరినీ ఉంచుకోక చెడ్డాం. అటువంటప్పుడు చెన్నై ఈసారి పదమూడేళ్ల అనుబంధం ఉన్న జడేజానే పంపించిందంటే అది చిన్న విషయం కాదని నాకు అనిపిస్తోంది. పటమట గారూ, మీరేమంటారు?

పటమట లెగ్‌స్పిన్ (విజయవాడ):

జడేజాను పంపడం చిన్న విషయం కాదన్న మాట నిజమే. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకు సిక్సు, ఫోరు కొట్టి కప్పు తెచ్చినవాణ్ణి ఇచ్చేశారంటే ఎవరో గుండె రాయి చేసుకుని కూర్చుని లెక్కలు వేశారన్నమాటే. అయితే అతని స్థానంలోకి తెచ్చిన ప్రశాంత్ వీర్ కనీస ధర 30 లక్షలు. ఎడమచేతి స్పిన్ వేసి, కింద బ్యాటింగ్ చేస్తాడు కాబట్టి మొదటి రోజు నుంచే అందరూ జడేజాతో పోలుస్తారు. ఇరవై ఏళ్ల పిల్లవాడి భుజాల మీద 14.20 కోట్ల మూట, దాని మీద జడేజా పేరు. మూడు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే నాలుగో మ్యాచ్‌లో అతన్ని కొనసాగిస్తారా, లేక అనుభవం పేరుతో మరో ముప్పై అయిదేళ్ల మనిషిని వెతుకుతారా అన్నది చూడాలి. షేక్ రషీద్‌కు దక్కనిది ఆ ఓపికే. పసుపు గారి బాధతో ఈ విషయంలో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

మీరు నన్ను ఒకే మాటలో చెప్పమంటే మాత్రం, నేను కుర్రాళ్లను చూసి తీర్పు ఇవ్వను. శాంసన్ వికెట్ కీపర్. కార్తీక్ శర్మా వికెట్ కీపరే. ఉర్విల్ పటేలూ గ్లౌజులు తొడగగలడు. వాళ్ల మధ్య నలభై నాలుగేళ్ల ధోనీ ఉన్నాడు. ఇన్ని చేతులు ఉన్న జట్టు 2026లో మొదటి మ్యాచ్‌కు మైదానంలోకి దిగేటప్పుడు టీవీ దగ్గర కూర్చుని స్టంపుల వెనక్కి నడిచే మనిషి ఎవరో చూడండి.

బ్రాడీపేట పసుపు (గుంటూరు):

స్టంపుల వెనక ధోనీ లేకపోతే సగం మంది టీవీ కట్టేస్తారు పటమట గారూ. 2024 మార్చి 31న ఢిల్లీతో మ్యాచ్ చూడడానికి మేము ఆరుగురం రైలెక్కి విశాఖ వెళ్లాం. పేరుకు అది ఢిల్లీ సొంత మైదానం, స్టేడియం మొత్తం పసుపే. మేము 20 పరుగుల తేడాతో ఓడిపోయాం. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు. తిరుగు రైల్లో ఓడిపోయామన్న ముఖం ఒక్కటీ కనిపించలేదు. ఆ జనాన్ని చూసిన యాజమాన్యం గ్లౌజులు వేరేవాడి చేతికి ఇస్తుందని మీరు నమ్ముతున్నారా?

పటమట లెగ్‌స్పిన్ (విజయవాడ):

నమ్మడం లేదండీ. అందుకే చూడమన్నాను.