అప్‌డేట్: ఎంఏ సైకాలజీ ఒక్కటే సరిపోదట

ఎంఏ సైకాలజీ చేస్తే రిజిస్టర్డ్ సైకాలజిస్టు అయినట్టేనా అని కిందటి నెల అడిగింది నేనే. కాదని తేలింది. ఒక కళాశాలవారు "అయినట్టే" అన్నారు. ఆ మాట నమ్మి ఫీజు కట్టేసేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

ఆదివారం నాన్నతో కలిసి హనుమకొండలో ఒక క్లినికల్ సైకాలజిస్టు మేడమ్‌ను కలిశాను. ఆమె గోడకున్న సర్టిఫికెట్ దించి, కొంగుతో అద్దం తుడిచి, నమోదు సంఖ్య మీద వేలు పెట్టి చూపించారు. అది భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ ఇచ్చింది. ఆ సంఖ్య 1992 నాటి చట్టంతో వచ్చిన కేంద్ర రిజిస్టరులోది. అందులో పేరు చేరాలంటే మండలి గుర్తించిన కోర్సే చదవాలి, పర్యవేక్షణలో రోగులతో పనిచేయాలి. ఇన్నాళ్లూ క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎంఫిల్ ముఖ్యమైన దారి. దానిలో ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది కాబట్టి, నా తర్వాతివాళ్లు సైడీ (PsyD, అంటే క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్), మామూలు ఎంఏ సైకాలజీ కాకుండా మండలి గుర్తించిన ఎంఏ క్లినికల్ సైకాలజీ వంటి కోర్సుల గురించి ముందే విచారించుకోండి.

గుర్తింపు ఉన్న సంస్థల జాబితాను నాన్న ప్రింటు తీయించారు. తెలంగాణలోని వాటి కింద ఎర్ర పెన్నుతో గీతలు గీస్తున్నాను.