బాబుకి హైపోస్పాడియాస్: ఒకే ఆపరేషనా, రెండు విడతలా?

ఖమ్మం అమ్మ:
మా బాబుకి పదో నెల. ఉచ్చ పోసే రంధ్రం కొసన కాకుండా అడుగువైపు, మధ్యలో ఉంది. ధార తొడల మీదే పడుతోంది. ఒక సర్జన్ ఒక్క ఆపరేషన్ చాలన్నారు, ఇంకొకరు రెండు విడతలు పట్టొచ్చన్నారు. మా అత్తమ్మేమో "పెరిగితే అదే సర్దుకుంటది" అంటోంది. ఎవరి మాట వినాలి?

హనుమకొండ నాన్న:
చెల్లెమ్మా, అత్తమ్మ మాట మాత్రం వినకు. ఇది పెరిగితే పోయేది కాదు. మామూలుగా ఆర్నెల్ల నుంచి ఏడాదిన్నర లోపు చేస్తారు. ఆ వయసులో వాడికేమీ గుర్తుండదు, మనకే గుర్తుంటది.

సర్జన్లిద్దరి మాటా నిజమే కావచ్చు. అసలు సంగతి వంపుది. అంగం తిన్నగా ఉంటే, లేదా కొద్దిగానే వంగితే, టిప్ పద్ధతి చేస్తారు. రంధ్రం నుంచి కొస దాకా ఉండే మెత్తటి పట్టీని మధ్యలో నిలువుగా గాటుపెట్టి, సన్న గొట్టం చుట్టూ చుట్టి కుట్టేస్తారు. 1994లో స్నోడ్‌గ్రాస్ అనే అమెరికా డాక్టరు రాసిన పద్ధతి. వంపు ఎక్కువైతే ఆ పట్టీనే అడ్డంగా కోయాల్సి వస్తది. అప్పుడు మొదటి విడతలో వంపు తీసి, ముందోలు ముక్క తెచ్చి అక్కడ అతుకుతారు. అది బాగా అంటుకున్నాక, ఆర్నెల్లకో ఆపైనో, గొట్టంలా చుడతారు. వంపు ఎంతన్నది మత్తిచ్చి, అంగంలోకే సెలైన్ ఎక్కించి నిగిడేలా చేసి చూస్తేగానీ తేలదు. మావాణ్ణి ఒక్కటే అని లోపలికి తీసుకెళ్లారు, రెండయ్యాయి. సంతకం పెట్టేటప్పుడే రెంటికీ సిద్ధపడు.

ఆపరేషన్ అయ్యాక ఉచ్చ బయటికి పోవడానికి సన్న గొట్టం కొన్నాళ్లు ఉంచేస్తారు, అందుకని డైపర్లు రెండు సైజులు కొను. లోపలిది దొడ్డికి, పైది ఉచ్చకి. లోపలిదానికి చిల్లు పెట్టి గొట్టం కొసని పైదాంట్లోకి వదలాలి. పైది తడిసి లోపలిది పొడిగా ఉందా, గొట్టం పనిచేస్తున్నట్టే.

వార్డు నర్సు:
ఈలోపు సున్తీ చేయిద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి, ఆపరేషన్‌కి ఆ చర్మమే కావాలి. వృషణాలు రెండూ దిగాయో లేదో చూపించండి. దిగకపోతే క్రోమోజోమ్ పరీక్ష కూడా రాయొచ్చు. గొట్టం ఉన్నప్పుడు బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడిస్తే కుట్ల నొప్పే అనుకోకండి. మూత్రాశయం బిగుసుకుంటే అలాగే ఏడుస్తారు, దానికి ఆక్సీబ్యుటినిన్ సిరప్ రాస్తారు. మలబద్ధకం కానివ్వకండి. గొట్టం తీశాక ఇంకో చోట నుంచి చుక్కలు పడితే అది ఫిస్టులా. కంగారుపడి వెంటనే కుట్టించకూడదు, కనీసం ఆర్నెల్లు ఆగి మూస్తారు.

ఖమ్మం అమ్మ:
అన్నా, ఆరోగ్యశ్రీలో వస్తుందా?

హనుమకొండ నాన్న:
వస్తది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడుగు. దానికంటే ముందు, ఈ ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారో సర్జన్‌నే మొహమాటపడకుండా అడుగు.